మూడు సినిమాల్లో మిగిలిన మహానటుడు: బళ్లారి రాఘవ

 

సీమ నటుడు అనగానే మీకు ముందు ఎవరు గుర్తొస్తారు? జయప్రకాశ్ రెడ్డి గారు, అంతే కదా! మన ఆళ్లగడ్డ పక్కన సిరివెళ్లలో పుట్టిన మనిషి. కానీ ఆయనకన్నా యాభై ఏళ్ల ముందే, తెలుగు సినిమా అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న రోజుల్లో, సీమ నుంచి ఇంకో నటుడు తెర మీదికి వచ్చాడు. ఆయనే బళ్లారి రాఘవ. ఈ రోజు కథ ఆయనది.

పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. అంటే మన పక్క జిల్లానే. మరి బళ్లారి అని ఎందుకు అంటారు? ఆయన బతుకంతా అక్కడే గడిచింది కాబట్టి. అప్పట్లో బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు అన్నీ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. వీటిని దత్తమండలాలు అనేవాళ్లు. ‘రాయలసీమ’ అనే పేరు పెట్టింది 1928లో, అదీ మన నంద్యాల సభలోనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎవరైనా అడిగితే గర్వంగా చెప్పొచ్చు.

రాఘవ మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. ఇంట్లోనే నాటకం ఉంటే పిల్లవాడికి అంటుకోకుండా ఉంటుందా? రాఘవ మద్రాసులో లా చదివి, బళ్లారిలో పేరున్న వకీలయ్యారు. పగలు కోర్టు, రాత్రి నాటకం. ఇల్లు గడవడానికి వకీలు పని ఉంది కాబట్టి నాటకంలో జనం అడిగిందే చెయ్యాల్సిన అవసరం ఆయనకు లేకపోయింది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఆ రోజుల్లో నాటకం అంటే పద్యం. నటుడు రాగం తీస్తాడు, జనం ‘వన్స్ మోర్’ అంటారు, చనిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడుతుంది! నవ్వొస్తుంది గానీ నిజం. రాఘవ పద్ధతి వేరు. పాత్ర ముందు మనిషిలా మాట్లాడాలి, చూపులో, ముఖంలో భావం కనిపించాలి, రాగం ఆ తర్వాతే అన్నారు. దుర్యోధనుడైనా, కోలాచలం శ్రీనివాసరావు గారి నాటకంలో పఠాన్ రుస్తుం అయినా అలాగే చేశారు. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు నాటకాలన్నీ వేశారు. ఆయన వేసిన ‘దీనబంధు కబీర్’ను గాంధీజీ చూశారు. 1928లో ఇంగ్లండ్ వెళ్లి బెర్నార్డ్ షాను కలిశారు.

ఇంకోటి. అప్పట్లో ఆడవేషాలు మగవాళ్లే వేసేవాళ్లు. చదువుకున్న ఇంటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కితే ఊరంతా మాట్లాడుకునేది. రాఘవ మాత్రం ఆడపాత్ర ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటి వాళ్లు ఆయన పక్కన నటించారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు సినిమాకు వద్దాం. 1927లో అమెరికాలో టాకీలు మొదలయ్యాయి. హాలీవుడ్‌కు మాట బాగా పలికే వాళ్లు కావాల్సి వచ్చి, స్టేజీ నటులను పిలుచుకుంది. వాళ్లల్లో చాలామంది హీరోలు కాదు. తండ్రి, జడ్జి, విలన్ లాంటి వేషాలు వేసే క్యారెక్టర్ ఆర్టిస్టులు. స్టూడియోలు వాళ్లకు జీతాలిచ్చి సినిమా తర్వాత సినిమా చేయించాయి.

మన దగ్గర? మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. రాఘవ తెర మీదికి వచ్చేసరికి 1936. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్లు. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు. సురభి కమలాబాయి ద్రౌపది, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. అదే ఏడాది అదే కథతో ఇంకో సినిమా వచ్చింది, ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. అందులో కన్నాంబ, సి.ఎస్.ఆర్., యడవల్లి సూర్యనారాయణ, వేమూరి గగ్గయ్య. జనం దాన్నే చూశారు. రాఘవ సినిమా పోటీలో నిలబడలేదు.

మూడేళ్ల తర్వాత 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు ‘రైతుబిడ్డ’ తీశారు. ఇందులో రాఘవ రాజు కాదు, రాక్షసుడు కాదు. అప్పుతో, జమీందారు పెత్తనంతో నలిగిపోయే రైతు. కిరీటం లేదు, గద లేదు, పద్యం అవసరం లేదు. ఆయన జీవితమంతా చెప్పింది ఇదే కదా! జమీందార్లకు ఈ సినిమా కోపం తెప్పించింది, కొన్ని చోట్ల నిషేధం కూడా పెట్టారు. 1940లో ‘చండిక’ వచ్చింది. అంతే, మూడు సినిమాలు. 1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు.

ఒక్కసారి ఆలోచించండి. ముఖాన్ని దగ్గరగా చూపించే కెమెరాకు సరిగ్గా సరిపోయే నటన ఆయనది. కెమెరా వచ్చేసరికి ఆయన వయసు దాటిపోయింది. వచ్చిన కెమెరా కూడా మొదట పౌరాణికాల చుట్టూనే తిరిగింది. ముప్పై ఏళ్లకు పైగా వేదిక మీద చేసింది చూసినవాళ్లతోనే పోయింది. కాబట్టి ఆ మూడు సినిమాలు చూసి ‘ఇంతేనా రాఘవ?’ అనుకుంటే తప్పు మనదే. మనకు మిగిలింది ఆయన సాయంత్రం మాత్రమే. ఆయన మధ్యాహ్నం మనం చూడలేదు.

జయప్రకాశ్ రెడ్డి గారు కూడా లెక్కల మాస్టారుగా పని చేస్తూ నాటకాలాడినవారే. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో సినిమాల్లోకి వచ్చారు, పెద్ద పేరు వచ్చింది 1997లో ‘ప్రేమించుకుందాం రా’తో. అంత పేరొచ్చినా స్టేజీని వదల్లేదు, ‘అలెగ్జాండర్’ నాటకం ఒక్కరే ఆడారు.

ఇప్పుడు కెమెరా మీ జేబులోనే ఉంది. మీ ఊర్లో జాతరకో, ఉగాదికో నాటకం వేసే పెద్దాయన ఉంటే ఈసారి పది నిమిషాలు కూర్చొని రికార్డు చెయ్యండి. రాఘవకు దొరకనిది ఆయనకైనా దొరకనీయండి.