పొరుగు తగవు, మన గడప

ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగాయంటారు. రెండు పెద్ద రాజ్యాలు కలహిస్తుంటే పక్కనున్న చిన్న దేశం తలుపు వేసుకుని కూర్చోవాలా, రాజీకి పూనుకోవాలా?

మన పల్నాటి సంగతే చూడండి. ఇప్పుడు పత్తి, మిరప పండే ఆ నేలమీద 1182 ప్రాంతంలో గురజాల నలగామరాజుకూ, మాచెర్ల మలిదేవరాజుకూ పోరు వచ్చింది. ఇద్దరూ అనుగురాజు బిడ్డలే. కోడిపందెంలో ఓడిన మలిదేవుని వారు ఏడేళ్లు దేశం విడిచివెళ్లారు. గడువు తీరాక తమ భాగం అడగడానికి అలరాజును రాయబారం పంపారు. అతను నలగామునికి స్వయానా అల్లుడు, ఉన్నదేమో మలిదేవుని పక్షాన. అల్లుడి మాట కాదంటారా అనుకుంటాం గదా! కాని విషప్రయోగానికి బలైపోయాడని వీరగాథ చెబుతుంది. ఎంత మంచివాడైనా ఒక పక్షంలో ఉన్నవాణ్ణి అవతలివారు మధ్యవర్తిగా చూడరు.

పొరుగు రాజులైనా పూనుకున్నారా అంటే, వాళ్లూ తలో పక్షం చేరారని చరిత్రకారులు రాశారు. కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున వీరులంతా నేలకొరిగారు. చందవోలు రాజధానిగా ఏలిన వెలనాటివారి బలమూ ఆ తర్వాత సన్నగిల్లింది. కొద్ది దశాబ్దాలకే వెలనాడు కాకతి గణపతిదేవుని వశమైంది.

ఇప్పుడు ఫిన్లండు సంగతి. ఆ చిన్న దేశం 1939 నుంచి 1944 లోపు పక్కనున్న సోవియట్ రష్యాతో రెండుసార్లు యుద్ధం చేసి, నేల పోగొట్టుకుంది. తర్వాత ఏ కూటమిలోనూ చేరలేదు. అమెరికా, రష్యా వైరం మండుతున్న రోజుల్లో, 1969లో, అందరూ మా ఊళ్లో కూర్చుని మాట్లాడుకోండని పిలిచింది. 1975 ఆగస్టు 1న హెల్సింకిలో 35 దేశాలవారు ఒప్పందం మీద సంతకాలు చేశారు.

"అంతా చేసి ఏం లాభం? 2022లో రష్యా ఉక్రెయిన్ మీద పడితే, 2023లో ఫిన్లండు కూడా నాటో కూటమిలో చేరింది గదా" అని మీరడగవచ్చు. నిజమే. రాజీ కలకాలం నిలుస్తుందన్న పూచీ లేదు. కాని ఆ దేశానికి 1944 తర్వాత దశాబ్దాల తరబడి రష్యాతో యుద్ధం లేదు. ఒక తరం పిల్లలు పెరిగి పెద్దవాళ్లు కావడానికి అది చాలదూ?

కాబట్టి చిన్న దేశం రాజీకి పూనుకోవలసిందే. అది పెద్దల మీద దయ చూపడం కాదు, తన గడప తాను కాపాడుకోవడం. అయితే ఎవరి సొమ్మూ ఆశించకూడదు, ఎవరి కత్తీ పట్టకూడదు, తన కావలి తాను మానుకోకూడదు.

కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం జరుగుతుంది. కత్తి పట్టినవారికి మొక్కేటప్పుడు, రాజీ మాట మోసుకుపోయిన అలరాజునూ ఒకసారి తలచుకుందాం.