పొగలో ఏముంది, ఒంట్లో ఏముంది?

కడప, గోదావరి జిల్లాల నుండి బతుకుతెరువు కోసం వెళ్ళిన తెలుగువారికి కువైట్ కొత్త దేశం కాదు. ఆ దేశంలో జహ్రా, సులైబియా పరిసరాల ఎడారిలో పాత టైర్లు ఏళ్ళ తరబడి గుట్టలుగా పేరుకుపోయాయి. 2012 ఏప్రిల్‌లో అక్కడి గుట్టలకు నిప్పంటుకొని సుమారు 50 లక్షల టైర్లు కాలాయని వార్తలు వచ్చాయి. 2021 నాటికి 4 కోట్లకు పైగా టైర్లను జనావాసాలకు దూరంగా సాల్మికి తరలించారు. ఇటువంటి నల్లని పొగను చూసినవారు మొదట అడిగే ప్రశ్న, ఇది కాన్సర్ తెస్తుందా అని. ఆ ప్రశ్నకు చరిత్ర ఉంది.

1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు శుభ్రం చేసేవారికి వృషణకోశంపై వచ్చే కాన్సర్‌కు మసియే కారణమని గుర్తించాడు. ఆ మాటకు ప్రయోగశాల రుజువు దొరకడానికి 140 ఏళ్ళు పట్టింది. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా కుందేళ్ళ చెవులకు నెలల తరబడి తారు పూసి కాన్సర్ పుట్టించారు. అయితే తారులో వందలాది పదార్థాలు ఉంటాయి. దోషి ఏది? కాన్సర్ కలిగించే తార్లన్నీ అతినీలలోహిత కాంతిలో ఒకే తీరున వెలుగుతున్నాయని లండన్‌లో హీగర్ 1930లో చూపాడు. ఆ వెలుగును ఆనవాలుగా పట్టుకొని అతడు, సహచరులు రెండు టన్నుల తారు ముద్దను వడగట్టి, 1933లో బెంజోపైరీన్‌ను వేరుచేశారు.

బెంజోపైరీన్ తనంతట తాను పెద్దగా హాని చేయదు. దానిని బయటికి పంపే ప్రయత్నంలో మన కణాలలోని ఎంజైములే దానిని మరింత చురుకైన రూపానికి మారుస్తాయి. ఆ రూపం డీఎన్ఏకు అతుక్కుంటుంది. ఈ అతుకులను రక్తకణాలలో కొలవడం సాధ్యమయ్యాక, గాలిలో ఎంత విషం ఉందన్న ప్రశ్న మనిషిలోకి ఎంత చేరిందన్న ప్రశ్నగా మారింది.

ఆ ప్రశ్నకు కువైటే ఒక పరీక్షాస్థలమైంది. 1991లో అక్కడ 600కు పైగా చమురుబావులు తగలబడ్డాయి. చివరి మంట ఆరింది నవంబరు 6న. జర్మనీ నుండి అక్కడికి వచ్చిన కొందరు అమెరికన్ సైనికుల రక్తాన్ని ప్రయాణానికి ముందు, కువైట్‌లో, తిరిగి వెళ్ళాక పరీక్షించారు. బెంజోపైరీన్ కుటుంబపు అతుకులు కువైట్‌లోనే తక్కువగా, జర్మనీలో ఎక్కువగా కనిపించాయి! ఇది వింతేమీ కాదు. బావుల మంటల్లో చమురు చాలావరకు పూర్తిగా కాలిపోయింది, పొగ వేడికి ఎత్తుకు లేచింది. పైగా సిగరెట్లు, కాల్చిన మాంసం కూడా ఇవే పదార్థాలను ఒంట్లోకి తెస్తాయి.

కథ ఇక్కడితో ముగిస్తే కువైట్ పొగ నిరపాయకరమని తేలినట్టే. కానీ ఆ సైనికులపైనే మరో పరీక్ష జరిగింది. కణవిభజన వేళ క్రోమోజోములోని జంట పోగులు ఎంత తరచుగా ముక్కలు మార్చుకుంటున్నాయో చూసే పరీక్ష అది. ఆ మార్పిడులు కువైట్‌లో పెరిగాయి. మొదటి పరీక్ష ఒక్క రసాయన కుటుంబం గురించే అడిగింది. రెండవది కారణమేదైనా సరే, జన్యుపదార్థం ఒత్తిడికి గురైందా అని అడిగింది. రెండు జవాబులూ నిజమే కావచ్చు.

అందుకే "పరీక్షలో ఏమీ లేదు" అన్న మాట విన్నప్పుడు, ఏ పరీక్ష, ఎప్పుడు చేశారు అని అడగాలి. పొగ పీల్చిన గుర్తుగా మూత్రంలో కనిపించే పదార్థం ఒకటి రెండు రోజుల్లో చాలావరకు వెళ్ళిపోతుంది. రక్తకణాలలో అతుకులు వారాలు, నెలలు నిలుస్తాయి. కాన్సర్ బయటపడడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అప్పటికి ఆ కార్మికుడు వేరే ఊరిలో, బహుశా వేరే దేశంలో ఉంటాడు. టైర్లు చమురుబావుల్లా కాలవు. గాలి చాలక అరకొరగా కాలి, ఈ విషాలను మరింత ధారాళంగా వదులుతాయి. కొన్ని నెలలు ఉండి వెళ్ళిన సైనికుడి రక్తం ఇచ్చిన భరోసాను, ఏళ్ళ తరబడి ఆ పొగ దగ్గర పనిచేసేవాడికి వర్తింపజేయలేము. అతడి జవాబు అతడి రక్తంలోనే, అదీ సకాలంలో వెతకాలి.