1907 అని ఉంటే 1907లో చేసినట్టు కాదు

మాది ఓర్వకల్లు. ఇదివరకు ఊరి పేరు చెప్తే "అదెక్కడ?" అనేవాళ్ళు. రాతివనాల పుణ్యమా అని కొంత, 2021లో మొదలైన విమానాశ్రయం పుణ్యమా అని ఇంకొంత, ఇప్పుడు నలుగురికీ తెలుస్తోంది. ఆ విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అంతకుముందే 2019లో సినిమా కూడా వచ్చింది కదా. ఒక పేరుకి గిరాకీ పెరిగితే ఆ పేరు మీద పాత వస్తువులు కూడా పుట్టుకొస్తాయి. రేపెవరైనా ఒక బాయ్‌నెట్ (తుపాకీ మొనకి తగిలించే కత్తి) తెచ్చి "ఇది రెడ్డిగారి కాలంనాటి తెల్లోళ్ళది, కావాలంటే ముద్ర చూడండి" అంటే మనం ఏం చూడాలి? ఈ టపా దాని గురించే.

ముందు ఆకారం చూడాలి. నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడింది 1846లో. ఆయన్ని ఉరి తీసింది 1847 ఫిబ్రవరి 22న. అప్పటి కంపెనీ సిపాయి మామూలు తుపాకీకి ఉండే బాయ్‌నెట్‌కి పిడే ఉండదు. తుపాకీ గొట్టం మీదకి తొడిగే ఇంకో చిన్న గొట్టం, దాని పక్కన మూడు పలకల పొడవాటి మొన, అంతే. అది పొడవడానికే తప్ప కోయడానికి పనికిరాదు. చెక్క పిడి, 17 అంగుళాల బల్లపరుపు అలుగు ఉన్నది మీ చేతిలో పెట్టారంటే అది దాదాపుగా ప్రపంచ యుద్ధాల కాలంనాటి "1907 నమూనా" అయి ఉంటుంది. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలుకి తగిలించేది.

ఇక ముద్రలు. పిడిని ఆనుకుని అలుగు మొదట్లో ఒకవైపు కిరీటం, దాని కింద రాజు పేరు అక్షరాలు (జీ.ఆర్. అంటే జార్జి రాజు), తర్వాత 1907, దాని కింద 5 '17 లాంటి అంకెలు, ఆపైన విల్కిన్‌సన్, శాండర్సన్ లాంటి తయారీదారు పేరు ఉంటాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 1907 అనేది వెర్షన్ నంబరు, బిల్డ్ డేట్ కాదు! విండోస్ 95 సీడీ మీద 95 ఉందని దాన్ని 1995లోనే కొన్నారని అనుకోం కదా. అసలు తేదీ ఆ కింద ఉన్నదే: 1917 మే నెల.

రెండోవైపు కాకి కాలు లాంటి బాణం గుర్తు ఉంటుంది, అది ప్రభుత్వ ఆస్తి అని. ఇంటూ గుర్తు ఉంటే అలుగుని వంచి పరీక్షించారని. చిన్న కిరీటం కింద అంకె ఉంటే అది తనిఖీదారుడి ముద్ర. రెండు బాణాలు మొనలు తగిలేలా ఎదురెదురుగా ఉంటే సైన్యం దాన్ని అమ్మేసిందని. బాణంతో పాటు ఐ అక్షరం ఉంటే ఇండియా సర్కారుది.

మన దేశపు ఈషాపూర్ ఫ్యాక్టరీ గుర్తు ఆర్.ఎఫ్.ఐ. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ పాత 17 అంగుళాల అలుగుల్ని 12 అంగుళాలకి కోసి మళ్ళీ వాడారు. కోసినదాంట్లో అలుగు మీది గాడి దాదాపు మొనదాకా వచ్చేస్తుంది. కొత్తగా పొట్టిగానే చేసినవాటికి గాడి ఉండదు, వాటి మీద జీ.ఆర్.ఐ. అని ఉంటుంది. చివరి ఐ అంటే చక్రవర్తి అని.

ఇప్పుడు అసలు సంగతి. ఏ ముద్రా ఒంటరిగా సాక్ష్యం కాదు, అది ఒక క్లెయిమ్ మాత్రమే. ముద్ర కొట్టడానికి ఒక ఉలి, ఒక సుత్తి చాలు. మనం చూడాల్సింది వాటి మధ్య పొంతన. లాగ్ ఫైల్లో టైమ్‌స్టాంపులు పోల్చి చూస్తామే, అలాగన్నమాట. పిడి దగ్గర ఉండే వంకర కొక్కేన్ని ఇంగ్లండులో 1913లో తీసేశారు. కొక్కెం ఉన్నవి అరుదు, ధర ఎక్కువ. కాబట్టి మామూలువాటికి కొక్కెం అతికించి అమ్మేవాళ్ళున్నారు. 1917 తేదీ ఉన్న ఇంగ్లండు అలుగుకి కొక్కెం ఉంటే అతుకు కోసం వెతకండి. పిడి చివర చెత్త తీసే చిన్న రంధ్రం 1916లో వచ్చింది. 1912 నాటిదానికి ఆ రంధ్రం ఉంటే మోసమని కాదు, తర్వాత మరమ్మతుకి వెళ్ళిందని అర్థం. తుప్పు గుంటల్ని తొక్కుకుంటూ అక్షరాలు పదునుగా కనిపిస్తే మాత్రం ఆ ముద్ర తుప్పు కంటే చిన్నది :)

ఒకవేళ ఇంట్లో ఇలాంటిది దొరికితే దయచేసి ఇసుక కాగితంతో రుద్దకండి, చదవాల్సిన చరిత్రే పోతుంది. మన ఆయుధాల నిబంధనల్లో బాయ్‌నెట్ పేరు స్పష్టంగా ఉంది, కొనేముందు లైసెన్సు సంగతి కనుక్కోండి. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అమెరికాలో ఉన్న బావగారికి బహుమతిగా పంపుదామనుకునేవాళ్ళు మరీ జాగ్రత్త.

అయినా ఇదంతా ఎందుకంటారా? 1917లో పుట్టి, తర్వాతి యుద్ధంలో ఈషాపూర్‌లో పొట్టి చేయించుకున్న కత్తికి తనదంటూ ఒక కథ ఉంది. దాన్ని పట్టుకున్న సిపాయి మనవాడే కావచ్చు. దాని మీద 1846 అనే చీటీ అంటిస్తే ఆ సిపాయి చరిత్ర పోతుంది. రెడ్డిగారి చరిత్రకి ఒరిగేదీ లేదు. పైగా, ఒక్క దొంగ వస్తువు బయటపడితే నిజమైనవాటిని కూడా ఎవరూ నమ్మరు. ఆయనకి అలాంటి సాక్ష్యం అక్కర్లేదు.