రక్తం ఎటు పోతోంది?

ఎండోస్కోపీ గదిలో లైట్లు తగ్గించారు. డాక్టరు వెనక నిలబడితే మానిటరు మీకు సూటిగా కనిపిస్తుంది. బల్లమీద ఎడమ పక్కకు తిరిగి పడుకున్న రైతుకు 60 దాటాయి. హిమోగ్లోబిన్ 7.4, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 6. నెలల తరబడి ఐరన్ మాత్రలు వాడినా కాస్త పెరగడం, మళ్లీ పడిపోవడం. చిల్లికుండలో ఎన్ని నీళ్లు పోస్తే నిలుస్తాయి? మగవాళ్లకు, ముట్లుడిగిన ఆడవాళ్లకు ఐరన్ ఇలా తగ్గితే తిండి లోపమని సరిపెట్టుకోరు. పేగుల్లో ఎక్కడైనా రక్తం కారుతోందేమో చూస్తారు.

గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొట్టారు. పళ్ల మధ్య గార్డు పెట్టారు.

"మింగండి పెద్దాయనా... ఆఁ, అంతే."

గొట్టం దిగింది. లేత గులాబీ రంగు అన్నవాహిక దాటి జీర్ణాశయం. గాలి ఊదగానే మడతలు విచ్చుకున్నాయి. పుండు లేదు. అడుగున కొద్దిగా ఎర్రబారింది.

"గ్యాస్ట్రైటిస్ కదా సార్?" అన్నాడు టెక్నీషియన్.

"ఉంది. కానీ దీనికే రక్తం ఏడుకు పడిపోదు."

చిన్న ముక్క తీసి పసుపు జెల్‌లో వేశారు. హెలికోబాక్టర్ అనే క్రిమి ఉంటే జెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. చిన్నపేగు మొదట్లో గోడ కరుచుకుని రక్తం పీల్చే కొంకిపురుగుల కోసం వెతికారు. కనబడలేదు. గోధుమలు పడని సీలియాక్ జబ్బు ఉందేమోనని అక్కడా ముక్కలు తీశారు.

ఇప్పుడు పెద్దపేగు చూసే కొలనోస్కోపీ. పేగు శుభ్రం కావడానికి రాత్రే మందునీళ్లు తాగించారు. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపించారు. లేకపోతే నల్లటి మలం గోడకు అంటుకుని ఏమీ కనబడదు. మలుపు దగ్గర గొట్టం మొరాయిస్తే నర్సు పొట్టమీద అరచేత్తో నొక్కింది. ఎడమవైపు అంతా నున్నగా ఉంది. అడ్డపేగు దాటి కుడివైపుకు దిగగానే డాక్టరు చెయ్యి ఆగింది.

గోడమీద ఎగుడుదిగుడుగా ఒక గడ్డ. నడుమ గుంట. ఫోర్సెప్స్ తగిలీ తగలకముందే సన్నగా రక్తం ఊరింది. ఇక్కడ పేగు వెడల్పు, మలం పలచన. అందుకే అడ్డుపడదు, నొప్పి తెలియదు. కారే రక్తం మలంలో కలిసిపోయి కంటికి ఆనదు. ఆరు ముక్కలు తీసి సీసాలో వేశారు.

బయట కొడుకు ఎదురుచూస్తున్నాడు.

"గడ్డ ఉందండీ. ముక్క పరీక్షకు పంపాం. ఈలోగా సీటీ స్కాన్ తీయించి సర్జన్‌గారికి చూపించండి."

"నాన్న ఏనాడూ కడుపునొప్పి అనలేదు సార్. మలంలో రక్తం కూడా చూళ్లేదు."

"రక్తం తగ్గడం ఒక్కటే గుర్తు. అదైనా పట్టుకున్నాం."