మొదటి క్రిస్మస్ కార్డు కూడా ఫార్వర్డ్ మెసేజే!

 

పండగ రోజు పొద్దున్నే ఫోన్ చూస్తే ఏముంటుంది? వంద శుభాకాంక్షలు, అందులో సగం ఒకటే బొమ్మ. "మా రోజుల్లో ప్రేమగా కార్డులు పంపుకునేవాళ్లం" అంటారు పెద్దవాళ్లు. నేనూ నమ్మేశా. చరిత్ర చదివాక డౌటొచ్చింది.

1843, లండన్. హెన్రీ కోల్ అనే ఆఫీసరు. అప్పటికి మూడేళ్ల కిందటే, 1840లో, ఒక్క పెన్నీకే ఉత్తరం వెళ్లే పద్ధతి వచ్చింది. దాన్ని తేవడానికి పనిచేసినవాళ్లలో ఈయనా ఒకడు. ఇంకేముంది, క్రిస్మస్‌కి ఆయనకే ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. అన్నిటికీ జవాబు రాసే తీరిక లేదు. జాన్ హోర్స్‌లీ అనే చిత్రకారుడితో ఒక బొమ్మ వేయించి, దాదాపు వెయ్యి కార్డులు అచ్చేయించాడు. పేరు రాసుకోవడానికి పైన ఖాళీ. మిగిలినవి షిల్లింగుకొకటి చొప్పున అమ్మారు. కోడ్ రాసి బతికినవాణ్ని కాబట్టి చెప్తున్నా, ఇది పక్కా టెంప్లేట్!

ఇంకో సంగతి. 1992 డిసెంబర్ 3న ప్రపంచంలో మొదటి ఎస్ఎంఎస్ వెళ్లింది. పంపింది నీల్ పాప్‌వర్త్, 22 ఏళ్ల ఇంజనీర్. అదీ క్రిస్మస్ శుభాకాంక్షలే.

అంటే కాగితమా, ఫోనా అన్నది కాదు సమస్య. అందులో పంపినవాడు ఎంత ఉన్నాడన్నదే అసలు లెక్క.

మన దగ్గర 1879 జులై 1న పావు అణా పోస్టుకార్డు వచ్చింది. రూపాయిలో 64వ వంతుకి ఊళ్లు దాటే మాట! ఇక మా తెనాలి పక్కనే తుమ్మపూడి. అక్కడ సంజీవదేవ్ గారు ఉండేవారు (1914–1999). బొమ్మలేస్తూ, పల్లెటూళ్లోనే ఉండి ఎక్కడెక్కడివాళ్లకో ఉత్తరాలు రాశారు. అవి పుస్తకాలుగా కూడా వచ్చాయి. ఎవరైనా ఫార్వర్డ్‌లను పుస్తకం వేస్తారా చెప్పండి?

ఇప్పుడు నా కథ. నా హాబీ పాత లిపులు. తెనాలి నుంచి రేపల్లె రైలెక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి భరిణెలు దొరికాయి. వాటిమీద రెండు వేల ఏళ్లు దాటిన అక్షరాలు, దానమిచ్చినవాళ్ల పేర్లు. బ్రాహ్మిలోనే అదొక ప్రత్యేకమైన రకం. 'మ' తలకిందులుగా ఉంటుంది. 'క' అని పలకాలంటే హల్లుకి ఓ చిన్న గీత తగిలించాలి, మన తలకట్టులా.

రెండేళ్ల కిందట సంక్రాంతికి రేపల్లెలో ఉన్న అమ్మమ్మకి ఆ లిపిలో ఆవిడ పేరు రాసి కార్డు చేశా. చుట్టూ చుక్కల ముగ్గు. ఇచ్చాక గుర్తొచ్చింది, అమ్మమ్మకి తెలుగే చదవడం రాదు! సిగ్గేసింది. ఆవిడ వేలితో తడుముతూ, "ఇదేందిరా?" అంది. "నీ పేరే అమ్మమ్మా. భట్టిప్రోలులో అప్పట్లో ఇట్టా రాసేవాళ్లు" అన్నా. కాసేపు చూసి, "అయితే ఇది నువ్వూ చదవాల్సిందేగా, నేనూ చూడాల్సిందేగా. ఇద్దరికీ సమానమే" అని నవ్వింది.

పోయినేడు ఆవిడ వెళ్లిపోయింది. దేవుడి పటం వెనక ఆ కార్డు దొరికింది. అంతకుముందు ఆవిడ ఫోన్‌కి నేను పంపిన శుభాకాంక్షలు ఒక్కటీ లేవు, ఆ ఫోనే ఎప్పుడో మారిపోయింది.

అందుకే ఈసారి ఒక్కరికైనా చేయండి. క్రికెట్ పిచ్చా? స్కోర్‌బోర్డులో శుభాకాంక్షలు రాయండి. ఫొటోలు తీస్తారా? సూర్యలంక బీచ్‌లో మీరు తీసిందే ప్రింటేయించండి. మొక్కలా? మీ కుండీలో ఆకు ఒకటి పుస్తకంలో నొక్కి ఎండబెట్టి అతికించండి. అట్టముక్క, గమ్, స్కెచ్ పెన్ చాలు. బాగా రాలేదా? పర్లేదు, నా 'మ' కూడా వంకరే.

ఎవరికి చేస్తున్నారో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!