ముందు అర, తరవాతే గీత

బార్‌కోడ్ చరిత్ర చెప్పేవాళ్లు 1974 జూన్ 26 ప్రస్తావన తేకుండా ఉండరు. ఆ రోజు అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో, మార్ష్ సూపర్‌మార్కెట్ కౌంటరు మీద రిగ్లీ చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను స్కాన్ చేస్తే 67 సెంట్ల బిల్లు పడింది. కథగా బాగుంది గానీ గోదాముల సంగతి దీంతో తేలదు. దుకాణంలో సరుకును కౌంటరు దాకా కొనేవాడే మోసుకొస్తాడు. అదేమిటో తెలిస్తే స్కానర్ పని అయిపోయినట్టే. గోదాములో అది ఎక్కడుందో కూడా తెలియాలి. ఆ సంగతి సరుకు మీది గీతలు చెప్పవు, చోటుకు ముందే వేసిపెట్టిన నంబరు చెప్పాలి. గోదాముల్లో బార్‌కోడ్ నిలదొక్కుకుందంటే, ఆ ఘనతలో పెద్దవాటా అంతకుముందే నేలను గళ్లుగా విడదీసుకున్న పద్ధతిదని నా వాదన.

జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ బార్‌కోడ్ పేటెంటుకు 1949లో దరఖాస్తు పెట్టుకుంటే 1952లో చేతికొచ్చింది. చదివే యంత్రం చవగ్గా దొరక్క అది చాలాకాలం కాగితానికే పరిమితమైంది. 1967లో అమెరికన్ రైల్వేలు మరో దారి పట్టాయి. వ్యాగన్ల పక్కన రంగు పట్టీలు అంటించి, పట్టాల పక్కన పెట్టిన యంత్రంతో చదివించాయి. పట్టీలకు దుమ్ము, బురద పట్టాయి. తుడిచే దిక్కు లేకపోయింది. 1970ల చివరికి ఆ ఏర్పాటును వదిలేశారు. తిరిగే వస్తువు మీద మాత్రమే గుర్తు పెట్టి, చుట్టూ ఉన్న ఏర్పాటును పట్టించుకోకపోతే ఏమవుతుందో ఆ వ్యాగన్లు చూపించాయి. 1974లోనే ఇంటర్‌మెక్ కంపెనీ కోడ్ 39 తెచ్చింది. అందులో అంకెలతోపాటు అక్షరాలూ పట్టాయి కాబట్టి ఫలానా వరస, ఫలానా ర్యాక్, ఫలానా అర అనే చిరునామా మొత్తాన్ని ఒక్క లేబుల్‌గా అచ్చువేసి ర్యాక్‌కే అంటించే వీలు కలిగింది. 1981లో అమెరికా రక్షణశాఖ తన సరఫరాలకు ఈ కోడ్‌నే ఎంచుకుంది.

మన దేశంలో ఈ క్రమశిక్షణ స్కానర్ల కంటే పాతది. సెంట్రల్ వేర్‌హౌసింగ్ కార్పొరేషన్ 1957లో, భారత ఆహార సంస్థ 1965లో ఏర్పడ్డాయి. ఆహార సంస్థ బియ్యం గోదాములో నేల మీద రంగుతో 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గళ్లు గీస్తారు. ఒక్కో గడిలో పేర్చే బస్తాల దొంతరే స్టాకు. గోడకు ఎడం, స్టాకుకూ స్టాకుకూ మధ్య దారి వదులుతారు. అడుగున చెక్క క్రేట్లు పరిచి, వాటి మీద బస్తాలు పేరుస్తారు. ఆ దారి హమాలీ నడవడానికే కాదు, పురుగుమందు పెట్టేటప్పుడు స్టాకు చుట్టూ కవరు దించడానికీ కావాలి. ప్రతి స్టాకుకు నంబరుంటుంది, పక్కన కార్డు వేలాడుతుంది: బస్తాలు ఎప్పుడొచ్చాయి, ఎన్ని వెళ్లాయి, ఎన్ని మిగిలాయి. వరసకిన్ని చొప్పున పేర్చి ఉంటాయి కాబట్టి, దించకుండానే లెక్క కట్టొచ్చు. సీజన్ ఒత్తిడిలో దారి మూసేశారా, లోపలి పాత బస్తా బయటికి రాదు. ముందొచ్చింది ముందు పోవాలన్న నియమం రిజిస్టరులోనే మిగులుతుంది. అలాంటి చోట కార్డుకు బదులు బార్‌కోడ్ అంటిస్తే ఒరిగేది శూన్యం.

అమెజాన్ గోదాముల్లో ఏ సరుకైనా ఏ అరలోనైనా పెడతారు, ఇక ఈ వరసలెందుకని అడగొచ్చు. అక్కడ సరుకుకు స్థిరమైన చోటు లేదు గానీ అరకు స్థిరమైన నంబరుంది. పెట్టేవాడు వస్తువునూ అరనూ రెండింటినీ స్కాన్ చేయకపోతే ఆ వస్తువు గోదాములో ఉండీ లేనట్టే. అంటే అక్కడ చిరునామా పట్టింపు ఇంకా ఎక్కువ. రేడియో ట్యాగులొస్తే ఇదంతా పోతుందనీ అన్నారు. 2003లో వాల్‌మార్ట్ తన పెద్ద సరఫరాదారులు వందమందిని 2005 నాటికి ట్యాగులు పెట్టమంది. అనుకున్నంత వేగంగా అది సాగలేదు. లోహం, ద్రవం ఉన్నచోట ఆ సంకేతం తడబడుతుంది, పక్క వరసలోని ట్యాగునూ చదివేస్తుంది.

చిన్న గోదాములో గుమాస్తా జ్ఞాపకం చాలదా అన్న అభ్యంతరం మాత్రం తీసిపారేయదగ్గది కాదు. నాలుగు రకాల సరుకుంటే చాలుతుంది, ఆయన సెలవు పెట్టేదాకా. అంతకుమించి సరుకున్న వ్యాపారులు స్కానర్ల బేరానికి దిగేముందు టేపు పట్టుకుని నేల కొలవండి, దారులు గీయండి, అరలకు నంబర్లు రాయండి. దానికయ్యే ఖర్చు ఒక డబ్బా రంగు, రెండు రోజుల కూలి.