బదిలీకి బదులు
తహసీల్దారు బదిలీ అయితే కుర్చీ ఖాళీ అవుతుంది. 2023లో తేజస్ మార్క్-2 యుద్ధ విమానం కోసం ఎఫ్-414 జెట్ ఇంజన్ మీద మన హెచ్‌ఏఎల్, అమెరికా కంపెనీ జీఈల మధ్య అవగాహన కుదిరినప్పుడు పత్రికలన్నీ ‘సాంకేతిక పరిజ్ఞాన బదిలీ’ అన్నాయి. ఇక్కడ ఇచ్చినవాడి దగ్గర ఏదీ ఖాళీ కాదు! అరబ్బీ ‘బదల్’ అంటే ఒకదాని స్థానంలో మరొకటి. అది పారశీకం, హిందుస్తానీల మీదుగా మన కచేరీల్లో దిగి బదిలీ, బదలాయింపు, బదులు అయింది. వీటిలో బదులు మహా గడుసుది: జవాబూ అదే, ప్రతీకారమూ అదే, అప్పూ అదే. నన్నడిగితే ఇంజన్ వ్యవహారం చేబదులుకే దగ్గర. కాకపోతే గట్టిగా నోటు రాయించుకున్న చేబదులు. అమెరికాలో 1976 నాటి ఆయుధ ఎగుమతుల నియంత్రణ చట్టం కింద విదేశాంగ శాఖ లైసెన్సు దరఖాస్తును జల్లెడ పడుతుంది, రక్షణ శాఖను సంప్రదిస్తుంది. పెద్ద ఒప్పందమైతే కాంగ్రెస్‌కు ముందే తెలపాలి. పుచ్చుకున్న దేశం ఆ పరిజ్ఞానాన్ని మూడోవాడి చేతిలో పెట్టాలంటే మళ్లీ వాషింగ్టన్ ఒప్పుకోవాలి. మనమూ తక్కువేం తినలేదు: ఎగుమతి మీద అదుపున్న సరుకు, పరిజ్ఞానాల ‘స్కోమెట్’ జాబితాలో ఉన్నది సీమ దాటాలంటే కేంద్రం లైసెన్సు ఉండాల్సిందే, అది ఈమెయిల్లో పంపే డ్రాయింగైనా సరే.